పాత ఫొటోల పెట్టె, నాలుగు వారాల గడువు: జనం మధ్య భాష నేర్చుకునే విదేశీ కార్యక్రమంపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒక విశ్వవిద్యాలయంలోని భాషా విభాగం ఏటా వేసవిలో 12 మంది విద్యార్థుల్ని, తాము నేర్చుకుంటున్న భాష మాట్లాడే దేశానికి నాలుగు వారాలపాటు పంపుతోంది. వాళ్లంతా ఇంగ్లిష్‌లో చదువుకున్నవాళ్లే. స్థానిక భాషను రెండు మూడు సెమిస్టర్లు చదివి ఉన్నారు. ఐరోపా మండలి 2001లో తెచ్చిన ఉమ్మడి భాషా ప్రమాణాల (అడుగున ఏ1 నుంచి పైన సీ2 దాకా ఆరు మెట్లు) ప్రకారం చూస్తే ఎక్కువమంది ఏ2 స్థాయి, ఇద్దరు బీ1 గుమ్మంలో ఉన్నారు, ఒకరు ఇంకా ఏ1 దాటలేదు. ఏ2 అంటే ఏమిటో ముందే చెప్పుకోవాలి, ఈ కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి. ఏ2లో ఉన్న మనిషి తెలిసిన విషయం మీద చిన్న చిన్న వాక్యాలు చెప్పగలడు, నెమ్మదిగా అడిగితే జవాబివ్వగలడు. కానీ మాటను తనంతట తాను ముందుకు నడపలేడు. ఎదుటివాళ్లు ఆగితే అక్కడితో ఆగిపోతుంది.

రోజూ ఉదయం మూడు గంటలు క్లాసు. వారానికి నాలుగు రోజులు మధ్యాహ్నం రెండు గంటలు ఒక పేటలోని కమ్యూనిటీ సెంటర్‌లో పని. అక్కడ పగలంతా పెద్ద వయసువాళ్లు కూర్చుంటారు, బడి అయ్యాక పిల్లలు వస్తారు, ఒక మూల చిన్న గ్రంథాలయం ఉంది. బస స్థానిక కుటుంబాల ఇళ్లలో. విద్యార్థుల వెంట వచ్చిన అధ్యాపకురాలు ఒకరు, అక్కడి భాషా టీచరు ఒకరు, సెంటర్ తరఫున ఒక కోఆర్డినేటర్ ఉన్నారు. మా పని కార్యక్రమ రూపకల్పనలో సలహా ఇవ్వడం. ఊరినీ, సంస్థలనీ, మనుషులనీ గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాం.

నాలుగు వారాలన్నది ఈ రంగంలో అరుదేమీ కాదు. అమెరికా విద్యార్థుల విదేశీ చదువులను లెక్కించే ‘ఓపెన్ డోర్స్’ నివేదిక వేసవి కార్యక్రమాలనూ, ఎనిమిది వారాలు లేదా అంతకు తక్కువ ఉన్నవాటినీ స్వల్పకాలికం అంటుంది. విదేశాలకు వెళ్లేవాళ్లలో సగానికి మించి ఆ కోవలోనే వెళ్తున్నారు. అందుకే, గడువు తక్కువైనప్పుడు జనంతో కలిసి చేసే పని ఎలా ఉండాలన్న ప్రశ్న ఈ ఒక్క విభాగానిది మాత్రమే కాదు.

సమస్య ఎలా బయటపడింది

మేం చూసిన మొదటి బ్యాచ్‌కు సెంటర్‌లో అప్పగించిన పని, అంతకుముందు ఏళ్లలో లాగే, పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడం. సెంటర్ అడిగింది, విశ్వవిద్యాలయం సంతోషంగా ఒప్పుకుంది. విద్యార్థులకు చేతనైన పని, పిల్లలకు అవసరమైన పని, కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

మొదటి వారం ముగిసేసరికి రెండు ఫిర్యాదులు రెండు వైపుల నుంచి వచ్చాయి. విద్యార్థులు: ‘ఇక్కడివాళ్లు చాలా మంచివాళ్లు, కానీ మాకు మాట్లాడే అవకాశమే రావడం లేదు.’ కోఆర్డినేటర్: ‘మీ పిల్లలకూ మా పిల్లలకూ మధ్య అనువాదం చేయడానికి మా సిబ్బందిలో ఒకరు రోజూ రెండు గంటలు అక్కడే నిలబడాల్సి వస్తోంది.’ విశ్వవిద్యాలయం మొదటిదాన్ని భాషా సమస్యగానూ, రెండోదాన్ని నిర్వహణ సమస్యగానూ విడదీసి చూసింది. మాకు రెండింటి మూలం ఒకటేననిపించింది. అనిపిస్తే చాలదు కాబట్టి ముందు కొలిచాం.

భాషా వినియోగాన్ని కొలవడానికి ఈ రంగంలో ఎక్కువగా వాడేది 2004లో వచ్చిన ‘లాంగ్వేజ్ కాంటాక్ట్ ప్రొఫైల్’ తరహా ప్రశ్నావళి. వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు మాట్లాడారని విద్యార్థినే అడుగుతుంది. అది జ్ఞాపకం మీద ఆధారపడే లెక్క. పైగా ‘మాట్లాడటం’ అన్న ఒక్క గడిలో పలకరింపు, పావుగంట కబుర్లు కలిసిపోతాయి. మాకు కావలసింది ఏ నిమిషంలో భాష ఎందుకు మారిందో తెలియడం. అందుకని ఒక అట్టముక్క ఇచ్చాం. మధ్యాహ్నపు రెండు గంటలను పావుగంట చొప్పున 8 గడులు చేశాం. గడికి మూడు గుర్తులు: ఎవరితో, ఏ భాషలో, ఏ పని మీద. నింపడానికి నిమిషం పట్టకూడదన్నది షరతు, అంతకు మించితే మూడో రోజుకి ఎవరూ నింపరు.

నాలుగు రోజుల అట్టలు పక్కపక్కన పెడితే అందరివీ దాదాపు ఒకేలా ఉన్నాయి. 8 గడుల్లో అయిదారు ఇంగ్లిష్ పాఠం. ఒకటి రెండు, తోటి విద్యార్థితో ఇంగ్లిష్‌లోనే రేపటి పాఠం సర్దుకోవడం. స్థానిక భాష వచ్చేది లోపలికి వచ్చేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు. ఇంటి దగ్గరా ఇదే తీరు. భోజనాల దగ్గర అవును, కాదు, చాలు. తర్వాత ఆ ఇంటి పిల్లలతో ఇంగ్లిష్.

విద్యార్థులకు సిగ్గు అనో, చొరవ లేదనో అధ్యాపకురాలి మొదటి అంచనా. అట్టలు చూశాక ఆ మాట ఆవిడే వదిలేశారు. బీ1 గుమ్మంలో ఉన్నవాళ్ల అట్టలకూ, ఏ1 విద్యార్థి అట్టకూ పెద్ద తేడా లేదు. చొరవే కారణమైతే మనిషి మనిషికీ తేడా కనిపించాలి. ఇక్కడ భాషను నిర్ణయిస్తున్నది మనిషి కాదు, పని. ఇంగ్లిష్ నేర్పే పనిలో ఇంగ్లిషే నడుస్తుంది. ఆ పనిలో ఎక్కువ తెలిసినవాడు విద్యార్థి, కాబట్టి స్థానికులు చెప్పాల్సింది, విద్యార్థి వినాల్సింది ఏమీ ఉండదు. అనువాదానికి మనిషి అవసరం పడటం కూడా అందుకే.

ముందు ప్రయత్నించినవి, అవి ఎందుకు నిలవలేదు

పని మార్చమంటే సెంటర్‌కు ఇచ్చిన మాట తప్పినట్టవుతుందని విశ్వవిద్యాలయం వెనకాడింది. పని అలాగే ఉంచి చుట్టూ ఉన్నవి మార్చి చూద్దామన్నారు. అది న్యాయమైన కోరికే. మూడు మార్పులు వరసగా చేసి చూశారు.

మొదటిది భాషా ప్రతిజ్ఞ. అమెరికాలోని మిడిల్‌బరీ కళాశాల వేసవి భాషా పాఠశాలల్లో, చేరినవాళ్లు అక్కడున్నన్నాళ్లూ నేర్చుకుంటున్న భాషలోనే మాట్లాడతామని సంతకం చేస్తారు. దానికి అక్కడ గట్టి ఫలితాలున్నాయి. కానీ అక్కడ ఆ నియమం వసతిగృహంలో, భోజనశాలలో, ఆటస్థలంలో ఉన్న అందరికీ వర్తిస్తుంది; ఎదుటివాళ్లు కూడా అదే ఒప్పందంలో ఉంటారు. ఇక్కడ సంతకం పెట్టింది ఒక్క వైపువాళ్లే. ఇంగ్లిష్ కోసం వచ్చిన పిల్లలతో ఇంగ్లిష్ మాట్లాడనంటే పాఠం ఉండదు. పాఠానికి మినహాయింపు ఇస్తే మిగిలేది తోటి విద్యార్థులతో మాట. ఏ2 వాళ్లు ఇద్దరు ఒకరితో ఒకరు స్థానిక భాషలో రేపటి పని సర్దుకోలేరు. ఫలితం మౌనం. రెండో రోజుకే సెంటర్ వెనక గదిలో గుసగుసగా ఇంగ్లిష్ మొదలైంది. మూడో రోజు ఒక విద్యార్థికి ఒంట్లో బాగాలేక, నియమం గుర్తొచ్చి ఎవరికీ చెప్పకుండా కూర్చుంది. అది తెలిసిన రోజే ప్రతిజ్ఞ తీసేయించాం. ఇలాంటి నియమం ఎక్కడ పెట్టినా ఆరోగ్యం, భద్రత, మనసు బాగాలేకపోవడం దాని పరిధిలోకి రావని మొదటి వాక్యంలోనే రాసి ఉండాలి.

రెండోది భాషా మార్పిడి జతలు. అక్కడి కళాశాల విద్యార్థి ఒకరు, మనవాళ్లు ఒకరు. అరగంట ఒక భాష, అరగంట ఇంకో భాష. స్థానిక విద్యార్థుల ఇంగ్లిష్ బీ2 దగ్గర ఉంది. ఇద్దరి మధ్య మాట ఎప్పుడూ ఎక్కువ చెప్పుకోగలిగిన భాష వైపు జారుతుంది. అందులో ఎవరి తప్పూ లేదు, ఇద్దరూ నిజంగా స్నేహం కోరుకుంటున్నారు, స్నేహానికి ఆ భాషే దగ్గరి దారి. గడియారం పెట్టి 20 నిమిషాలు కట్టడి చేస్తే కొంత నిలిచింది. ఊరు, చదువు, ఇష్టాలు అయ్యాక మాట్లాడటానికి విషయం లేకపోయింది. ఈ జతలను పూర్తిగా తీసేయలేదు, తర్వాత వేరే పనికి వాడుకున్నాం.

మూడోది ఇంటర్వ్యూ ప్రాజెక్టు. ఒక్కో విద్యార్థి ఒక పెద్దావిడనో పెద్దాయననో కలిసి పది ప్రశ్నలు అడిగి రికార్డు చేయాలి. చాలా కార్యక్రమాల్లో ఉండే పనే, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ విఫలమైన తీరు మాత్రం గమనించదగ్గది. ప్రశ్నలు తప్పుల్లేకుండా ఉన్నాయి, టీచరు దిద్దింది కాబట్టి. జవాబులు విద్యార్థి స్థాయికి మించినవి. పాఠ్యపుస్తకంలో లేని యాస, సగం మింగిన మాటలు, వినేవాడికి తెలుసనుకుని వాడే పేట పేర్లు. విద్యార్థి తలూపుతాడు, జవాబు ముగిసిందనిపించగానే మూడో ప్రశ్న చదువుతాడు. రెండో జవాబులోనే మూడోదానికీ జవాబు వచ్చేసిందని అతనికి తెలియదు. పెద్దాయనకు మాత్రం తెలుస్తుంది, తన మాట వినడం లేదని. ఇద్దరు పెద్దలు రెండోసారి రామన్నారు. ప్రశ్నలు బాగుంటే సంభాషణ బాగుంటుందన్న నమ్మకం ఇక్కడ దెబ్బతింది. ఏ2 విద్యార్థికి లోటు అడగడంలో కాదు, విన్నదాన్ని పట్టుకుని తర్వాతి మాట వేయడంలో.

ఈ మూడూ కలిపి ఒక సంగతి తేల్చాయి. ఏ పనిలో స్థానికులు విద్యార్థికన్నా ఎక్కువ తెలిసినవాళ్లో, ఏ పనిలో ఒకే రకం మాట మళ్లీ మళ్లీ వస్తుందో, ఏ పనిలో విన్నది అర్థం కాకపోతే పనే ముందుకు సాగదో, అలాంటి పని కావాలి. మొదటి బ్యాచ్‌కు మిగిలిన రోజుల్లో దీన్ని చిన్నగా చూసి, రెండో బ్యాచ్‌ను పూర్తిగా దాని మీద కట్టాం.

పిల్లల ఇంగ్లిష్ పాఠం ఆపిన తీరు

దీనికే అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. ఎదురుచూసే పిల్లలున్నారు. ఉన్నట్టుండి ఆపితే ఆ మాట పడేది కోఆర్డినేటర్ మీద. అయితే ఆవిడతో కూర్చుని పాత పాఠాలు తీసి చూస్తే, ఏటా వచ్చిన ప్రతి బ్యాచ్ రంగుల పేర్లు, అంకెలు, జంతువుల పేర్లతోనే మొదలుపెట్టింది. పిల్లలు మూడేళ్లుగా అవే నేర్చుకుంటున్నారు. నేర్పినవాళ్లలో ఎవరూ పిల్లలకు భాష నేర్పడంలో శిక్షణ పొందినవాళ్లు కారు.

1968 ఏప్రిల్‌లో సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇల్లిచ్, మెక్సికోకు సేవకు వెళ్లే అమెరికా విద్యార్థి వాలంటీర్ల సమావేశంలో మాట్లాడుతూ, చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దని చెప్పాడు. ఆ మాట కటువుగా ఉంటుంది, దాన్ని ఎక్కడబడితే అక్కడ అతికించకూడదు. ఇక్కడ మాత్రం అక్షరాలా సరిపోయింది. సాయం పేరుతో జరుగుతున్న పని పిల్లలకూ అందడం లేదు, విద్యార్థులకూ అందడం లేదు.

నిర్ణయం ఇలా జరిగింది. మొదటి బ్యాచ్ ఒప్పుకున్న పాఠాలు వారానికి ఒక్కరోజు చొప్పున చివరిదాకా నడిచాయి, ముందు నిలబడింది మాత్రం స్థానిక ఇంగ్లిష్ టీచరు. విద్యార్థులు పక్కన కూర్చుని పిల్లలతో చదివించారు. రెండో బ్యాచ్ రాకముందే ఆ టీచరుకు ఏడాది పొడవునా వారానికి రెండు గంటల చొప్పున విశ్వవిద్యాలయం జీతం ఇచ్చేలా ఒప్పందం రాసుకున్నారు. పిల్లలకు దక్కాల్సింది ఆగని పాఠం. అది వేసవిలో వచ్చిపోయేవాళ్ల వల్ల కాదు.

పని ఎంపిక

కోఆర్డినేటర్‌ను ‘మా విద్యార్థులు మీకు ఏం చేసి పెట్టగలరు’ అని అడగలేదు. అలా అడిగితే మర్యాద కోసం ఏదో ఒకటి చెబుతారు. ‘మీ దగ్గర ఏళ్లుగా ఎవరికీ తీరిక లేక ఆగిపోయిన పనులేమిటి’ అని అడిగాం. ఏడు పనులు చెప్పారు. ఒక్కోదాన్నీ నాలుగు ప్రశ్నలకు నిలబెట్టాం: ఒకే రకం మాట వేరువేరు మనుషులతో మళ్లీ మళ్లీ వస్తుందా? విద్యార్థి తప్పు వింటే ఎవరికైనా నష్టమా? ఎక్కువ తెలిసింది స్థానికులకేనా? విద్యార్థి వెళ్లిపోయాక సెంటర్‌కు ఏమైనా మిగులుతుందా?

వైద్య పరీక్షల తేదీలు ఫోన్‌లో చెప్పే పని రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. కరపత్రాల అనువాదం మూడోదాని దగ్గర. గ్రంథాలయం పుస్తకాలు సర్దడంలో మాటే లేదు. నాలుగు ప్రశ్నలూ దాటింది ఒక్కటే: సెంటర్‌కు పేటవాళ్లు ఇచ్చిన పాత ఫొటోల పెట్టెలు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఏ ఫొటో వెనకా రాసి లేదు. చెప్పగలిగినవాళ్లు రోజూ ఆ గదిలోనే కూర్చుంటున్నారు.

రెండో బ్యాచ్: పని నడిచిన పద్ధతి

ఒక గదిలో నాలుగు జతలు దాటితే ఆ సందడిలో పెద్దవాళ్లకు వినపడదు. అందుకని ఆరు జతలను రెండు భాగాలు చేశాం. మూడు జతలు రెండు రోజులు గదిలో ఉంటే, తక్కిన మూడు జతలు ఆ రోజుల్లో గ్రంథాలయంలో కార్డుల పని. దీనివల్ల ఒక్కో విద్యార్థి పెద్దలతో గడిపే రోజులు సగమయ్యాయి. అధ్యాపకురాలు అభ్యంతరం చెప్పారు. మొదటి బ్యాచ్ అట్టలే జవాబుగా చూపించాం: నాలుగు రోజులు గదిలో ఉన్నా మాట ఎనిమిదో వంతు కూడా లేదు.

ఒక విడత ఇలా సాగేది. పెద్దావిడ ముందు మూడు ఫొటోలు. ఒక విద్యార్థి అడుగుతాడు, ఇంకొకరు రాస్తారు. 25 నిమిషాలు. తర్వాత జత పక్క బల్ల దగ్గరికి వెళ్లి 15 నిమిషాల్లో కార్డు నింపాలి. కార్డులో అయిదు గడులే: ఎవరున్నారు, ఎక్కడ, సుమారు ఏ కాలం, ఏం జరుగుతోంది, ఇంకా ఎవరికి తెలిసి ఉండొచ్చు. నింపాక వెనక్కి వచ్చి, రాసినదాన్ని ఆవిడకే పైకి చదివి వినిపించాలి. దానికి 10 నిమిషాలు. ఆవిడ దిద్దుతారు. మొత్తం 50 నిమిషాలు. రోజుకు రెండు విడతలు, మధ్యలో విరామం. ఒక పెద్దకు రోజుకు రెండు విడతలకు మించి పెట్టలేదు.

భాష పట్టుబడింది ఆ చివరి పది నిమిషాల్లో. అడిగేటప్పుడు తలూపి తప్పించుకోవచ్చు, రాసింది చదివేటప్పుడు కుదరదు. కెనడాలో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకు పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెప్పే ఇమ్మర్షన్ బడుల మీద భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో రాసింది ఇదే: పిల్లలు ఏళ్లపాటు విన్నారు, బాగా అర్థం చేసుకున్నారు, మాట మాత్రం వెనకబడింది, తమ నోటితో కచ్చితంగా చెప్పాల్సిన అవసరం పడలేదు కాబట్టి. ఇక్కడ ఆ అవసరాన్ని కార్డు తెచ్చింది. ‘తమ్ముడు కట్టించాడు’ అని చదివితే ‘తమ్ముడు కాదు, తమ్ముడి మామగారు’ అని ఆవిడ అడ్డుపడతారు. ఆ దిద్దుబాటును వినకుండా ఎవరూ ఉండలేరు, కార్డు తప్పవుతుంది మరి.

ఒకే ఫొటోను ముగ్గురు పెద్దలకు వేరువేరు రోజుల్లో చూపించాం. ఇది చరిత్ర సరిచూసుకోవడానికి అనిపిస్తుంది, దానికీ పనికొచ్చింది. కానీ అసలు ఉద్దేశం వేరు. రెండోసారి విన్నప్పుడు విషయం తెలిసిందే కాబట్టి విద్యార్థి చెవి మాటల మీదికి పోతుంది. మూడోసారికి అతనే మధ్యలో ‘ఇది వరద తర్వాతే కదా’ అని అందిస్తాడు. మొదటి బ్యాచ్‌లో ఎవరూ చేయలేకపోయింది ఆ ఒక్క పనే.

ఉదయపు క్లాసు కూడా మారింది. ముందురోజు రికార్డింగ్‌లో తాను దారి తప్పిన చోటు నుంచి ఒక్క నిమిషం ముక్క విద్యార్థి తేవాలి. ఒక్క నిమిషమే. ఏ2 విద్యార్థికి నిమిషం మాటను విని రాయడానికి పావుగంటకు పైనే పడుతుంది. మూడు నిమిషాలు ఇస్తే అక్షరాలు మిగులుతాయి, అర్థం మిగలదు. దారి తప్పిన చోటే ఎందుకంటే, బాగా అర్థమైన ముక్క తెస్తే క్లాసులో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. ఆ ముక్కల నుంచే టీచరు రోజుకు రెండు మూడు వాక్య నిర్మాణాలు తీసి చెప్పారు. వాటిలో ముఖ్యమైంది తిరిగి అడిగే పద్ధతి. ‘అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అంటే పెద్దవాళ్లు అదే మాటను గట్టిగా చెబుతారు, లేదా ఇంగ్లిష్ ముక్క వెతుకుతారు. అర్థమైనంతవరకు తిరిగి చెప్పి, అక్కడ ప్రశ్న పెట్టాలి: ‘ఇల్లు అమ్మేశారు… ఎవరు అమ్మారు?’ అప్పుడు ఎదుటివాళ్లకు ఎక్కడ తెగిందో తెలుస్తుంది, అక్కడే అతుకుతారు. ఈ ఒక్క అలవాటుకు మొదటి వారం ఉదయాలన్నీ కేటాయించాం, ఆ సమయం వృథా కాలేదు.

గ్రంథాలయం రోజుల్లో ఒక ఫొటో కథను భాషా మార్పిడి జతలోని స్థానిక విద్యార్థికి నాలుగు నిమిషాల్లో, వేరొకరికి మూడు నిమిషాల్లో, ఇంకొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. ధారాళత కోసం భాషా బోధనలో చాలాకాలంగా వాడుతున్న అభ్యాసమే. పాత పద్ధతిలో విషయం లేక ఆగిపోయిన జతలు ఇప్పుడు నిలబడ్డాయి. ఫొటోల్లో ఉన్నది ఆ స్థానిక విద్యార్థుల ఊరే, అయినా చాలా సంగతులు వాళ్లకు తెలియవు.

పెద్దలు టీచర్లు

పాల్గొన్న తొమ్మిది మంది పెద్దలకు విద్యార్థులు రాకముందే 90 నిమిషాల సమావేశం పెట్టాం. మూడు విషయాలే చెప్పాం: అర్థం కాకపోతే గట్టిగా కాకుండా వేరే మాటల్లో చెప్పండి, ఇంగ్లిష్‌లోకి వెళ్లకండి, ప్రతి తప్పూ దిద్దకండి, కార్డు తప్పయ్యేదాన్నే దిద్దండి. కోఆర్డినేటర్ తడబడే విద్యార్థిగా నటించారు, పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ఆవిడతో మాట్లాడి చూశారు. చెప్పి వదిలేస్తే ఇది నిలవదు, చేయించాలి.

గంటకు ఇచ్చిన పారితోషికం ఉదయం టీచరు గంట వేతనంతో సమానం. చేస్తున్నది బోధన కాబట్టి దానికి వేరే ధర ఉండకూడదని పట్టుబట్టాం. ఆ డబ్బు కోసం వారాంతపు రెండు విహారాల్లో ఒకటి తీసేశారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: కొందరికి అదనపు ఆదాయం చేతికొస్తే పింఛను, ప్రభుత్వ సాయం తగ్గే ప్రమాదం ఉండొచ్చు. అందుకని ఒక్కొక్కరినీ విడిగా అడిగి, కావాలన్నవాళ్లకు చేతికి, వద్దన్నవాళ్లది సెంటర్ నిధికి ఇచ్చాం. అందరి ముందూ అడగకూడదు.

అనుమతి రెండుసార్లు తీసుకున్నాం, రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఒకసారి, కార్డు చదివి వినిపించాక ఇంకోసారి. మొదటిసారి తనేం చెప్పబోతున్నారో వాళ్లకే తెలియదు కాబట్టి ఆ ఒక్క సంతకం చాలదు. రెండోసారి ఇద్దరు కొన్ని వాక్యాలు కొట్టేయించారు. రికార్డింగులు సెంటర్ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. విద్యార్థులు తీసుకెళ్లింది తాము రాసుకున్న నిమిషం ముక్కలే, పేర్లు తీసేసి. ఫొటోలను సొంత ఫోన్‌లో తీసుకోవడం, సోషల్ మీడియాలో పెట్టడం పూర్తిగా నిషేధం.

రెండో బ్యాచ్‌లోనూ తప్పినవి

లెక్క ప్రకారం జతకు వారానికి నాలుగు విడతలు, పనికొచ్చేవి మూడు వారాలు, విడతకు మూడు ఫొటోలు, ఫొటోకు ముగ్గురు. ఆరు జతలకు 72 ఫొటోలు పూర్తి కావాలి. పూర్తయినవి నలభైకి కాస్త ఎక్కువ. కొన్ని ఫొటోలు విడత మొత్తాన్నీ తీసుకున్నాయి. కొన్ని రోజులు పెద్దలు రాలేదు. చదివి వినిపించడానికి పది నిమిషాలు చాలని రోజులే ఎక్కువ. సంఖ్య పెంచడానికి ఆ పది నిమిషాలను కుదిద్దామని ఒక సూచన వచ్చింది, ఒప్పుకోలేదు. సెంటర్‌కు తొందర లేదు. విద్యార్థికి ఆ పది నిమిషాలే చదువు.

ఒక ఫొటో దగ్గర ఇద్దరు పెద్దల మాట పడలేదు. జత మొదటివారి మాటనే నిజంగా కార్డు మీద రాసింది, రెండోవారు చూసి నొచ్చుకున్నారు. టీచరు ఆ రోజే కార్డు మార్చారు: ప్రతి సమాచారం పక్కన చెప్పినవారి పేరు. ‘ఇది బడి’ అని రాయడం మానేసి ‘ఇది బడి అని ఫలానావారు చెబుతున్నారు’ అని రాయాలి. పరోక్ష కథనం పాఠ్యపుస్తకంలో చివరి అధ్యాయం, విద్యార్థులు ఇంకా చేరలేదు. మర్నాటి ఉదయమే అది నేర్పాల్సి వచ్చింది. అవసరం పడ్డాక నేర్చుకున్నారు కాబట్టి మరుసటి రోజుకే వాడారు.

ఇంకో రోజు ఒక పెద్దాయన ఫొటో చూసి మాట రాక కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇలాంటిది జరగొచ్చని ముందే ఏర్పాటు ఉంది. విద్యార్థి చెప్పాల్సిన ఒకే వాక్యం, ఫొటోను బోర్లించడం, చేయి ఎత్తితే గదిలో ఉన్న సిబ్బంది రావడం. ఆ వాక్యాన్ని మొదటి రోజే అందరికీ కంఠతా చేయించాం. ఓదార్చేంత భాష ఏ2 విద్యార్థికి ఉండదు. తన భాషలో ఓదార్చబోతే ఆ పెద్దాయనకు మరింత ఇబ్బంది.

ఏ1 విద్యార్థిని అడిగే పని నుంచి తప్పించమని సలహా వచ్చింది. తప్పించలేదు, పని ముక్కలు మార్చాం. మొదటి రెండు వారాలు అతను చదివి వినిపించే పనే చేశాడు. కాగితం చేతిలో ఉంటుంది, దిద్దుబాట్లు దానంతట అవే వస్తాయి. మూడో వారంలో ‘ఎక్కడ’, ‘ఎవరు’ అన్న రెండు గడుల ప్రశ్నలు తనే అడిగాడు. నాలుగో వారంలో అయిదూ అడిగించబోతే తడబడ్డాడు, మళ్లీ రెండుకు దించాం.

ఫలితాన్ని దేనితో కొలవాలి

విశ్వవిద్యాలయం అడిగింది ఏ2 నుంచి బీ1కి ఎందరు వెళ్లారని. ఆ ప్రశ్నను ముందే పక్కన పెట్టించాం. కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ ఇంగ్లిష్ విషయంలో ఇచ్చే మార్గదర్శక అంచనా ప్రకారం ఏ2కు మొత్తం 180–200 బోధన గంటలు, బీ1కు 350–400. అంటే మధ్యలో 150 గంటలకు పైనే. నాలుగు వారాల్లో క్లాసు 60 గంటలు, సెంటర్ 32 గంటలు. మెట్టు దాటలేదని తేల్చడానికి పరీక్ష పెట్టడం డబ్బు దండగ.

బదులుగా మొదటి వారం, చివరి వారం అందరికీ ముందు చూడని ఒక ఫొటో ఇచ్చి, దాని గురించి తెలిసిన ఒక మనిషితో ఆరు నిమిషాలు మాట్లాడించాం. ఇద్దరు పరిశీలకులు విడివిడిగా మూడు లెక్కించారు: మధ్యలో వదిలేసిన వాక్యాలు, విన్నదాన్ని పట్టుకుని అడిగిన ప్రశ్నలు, ఇంగ్లిష్‌లోకి జారిన సందర్భాలు. 12 మందిలో 10 మందికి రెండోది పెరిగింది, కొందరికి సున్నా నుంచి నాలుగైదుకు. వదిలేసిన వాక్యాలు అంతగా తగ్గలేదు. ఎక్కువ చెప్పబోయినవాళ్లు ఎక్కువే వదిలేశారు. దాన్ని వెనకబాటుగా లెక్కించకూడదు. వ్యాకరణంలో కొట్టొచ్చినట్టు మార్పు కనిపించలేదు. పోలిక బృందం లేదు, మనుషులు పన్నెండు మందే, కాబట్టి ఈ అంకెలను ఇంతకన్నా ముందుకు లాగకూడదు.

సెంటర్ వైపు కొలతలు సెంటరే ఎంచుకుంది. కోఆర్డినేటర్ మూడు అడిగారు: సిబ్బంది గంటలు ఎన్ని పోయాయి, పెద్దలు మళ్లీ వస్తామంటున్నారా, మాకు మిగిలిందేమిటి. తొమ్మిది మందిలో ఎనిమిది మంది వస్తామన్నారు. మిగిలింది కార్డులు. గోడ మీద ఒక వరస పెట్టారు, బడి పిల్లలు వాటిని చదువుతున్నారు. సిబ్బంది గంటలే అనుకున్నట్టు కాలేదు. కోఆర్డినేటర్‌కు వారానికి గంట పని ఉంటుందని రాసుకుంటే మూడు గంటలు పట్టింది: ఎవరు వస్తారు, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి పక్కన ఎవరు కూర్చోరు. ఇది బయటివాళ్లు చేయగలిగిన పని కాదు.

తర్వాతి బ్యాచ్‌కు మార్పులు

ప్రయాణానికి ముందు మూడు ఆన్‌లైన్ సమావేశాలు చేర్చారు. యూరోపియన్ యూనియన్ వారి విద్యార్థి మార్పిడి పథకం ఎరాస్మస్‌లో 5 నుంచి 30 రోజుల స్వల్పకాలిక కార్యక్రమాలకు ఆన్‌లైన్ భాగం తప్పనిసరి చేసిన పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. తిరిగి అడిగే పద్ధతిని ఆ సమావేశాల్లోనే నేర్పితే అక్కడ మొదటి వారం మిగులుతుంది. వెనక్కి వచ్చాక రెండు వీడియో కాల్స్‌లో సగంలో ఆగిన కార్డులు పూర్తి చేస్తారు. కొత్త బ్యాచ్ ఆ కార్డుల దగ్గర నుంచే మొదలుపెట్టాలి, మళ్లీ మొదటి పెట్టె తెరవకూడదు. చెవి సరిగా వినపడని ఇద్దరు పెద్దలు ఈసారి మానుకున్నారు. వాళ్ల కోసం వేరే చిన్న గది, ఒకసారికి ఒకే జత.

తేలనిది బృందం పరిమాణం. 12 మంది లేకపోతే ఖర్చు గిట్టదని విశ్వవిద్యాలయం అంటోంది. 8 మందికి మించితే తన పని ఆగిపోతోందని కోఆర్డినేటర్ అంటున్నారు. మా సలహా కోఆర్డినేటర్ మాట వైపే ఉంది, ఆవిడ అలసిపోతే ఈ కార్యక్రమంలో ఏదీ నడవదు కాబట్టి. చివరికి ఒప్పందంలో ఒక షరతు చేర్చారు: నాలుగు వారాలూ సెంటర్‌లో పూటపని మనిషి ఒకరికి విశ్వవిద్యాలయం జీతం ఇస్తేనే 12 మంది, లేకపోతే 8 మంది. ఆ మనిషిని ఎంచుకునేది సెంటర్. బ్యాచ్ మధ్యలోనైనా సరే పని ఆపమని చెప్పే హక్కు కూడా సెంటర్‌దే, కారణం రాతపూర్వకంగా ఇవ్వనవసరం లేదు.